ప్రకృతి దృశ్యం ఎవరి చూపు? కృష్ణారెడ్డి అచ్చుచిత్రాలతో ఒక పాత తగాదా

నలభై ఏళ్ళ కిందట నంద్యాలలో ఒక సాహిత్య గోష్ఠిలో నేను చిత్రకారుడు కృష్ణారెడ్డి గురించి మాట్లాడాను. మాట్లాడాను అనడం కన్నా తీర్పు చెప్పాను అనడం నిజం. అప్పటికి ఆయన బొమ్మ ఒక్కటి కూడా నేను నేరుగా చూసి ఎరగను. ఒక ఇంగ్లీషు పత్రికలో అరపేజీ మేర వేసిన నలుపు తెలుపు నకలు చూశాను, అంతే. నీళ్ళలాంటిదేదో సుడి తిరుగుతున్నది అందులో. “కరువు సీమలో పుట్టి పారిస్‌లో కూచుని నీటి సుడులు చెక్కుతున్న రూపవాది” అన్నాను. చప్పట్లు కొట్టారు. ఆ మాట తర్వాత చాలాకాలం మిత్రుల నోళ్ళలో నలిగింది. నాకూ ముచ్చటగానే వుండేది.

మొన్న ఎండాకాలంలో డిగ్రీ చదివే ఒక కుర్రాడు నా దగ్గరికొచ్చి, సెల్‌ఫోన్‌లో ‘సుడిగుండం’ బొమ్మ చూపించి, “సార్, దీన్ని మీరు ఎందుకు కాదన్నారు?” అని అడిగాడు. ఎవరో పెద్దవాళ్ళు అతనికి నా పాతమాట చెప్పివుంటారు. నేను జవాబు చెప్పబోయాను. నోట్లోకొచ్చిన ప్రతి వాక్యమూ ఆ నలభై ఏళ్ళ నాటిదే అని గమనించి ఆగిపోయాను. ఈ వ్యాసం ఆ కుర్రాడికి బాకీపడ్డ జవాబు. నా పాత తీర్పులో సగం తప్పు. మిగతా సగాన్ని ఇప్పటికీ వదులుకోను.

ముందు జీవితం సంగతి టూకీగా. కృష్ణారెడ్డి 1925లో చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టారు. గోదావరి ఒడ్డున దామెర్ల రామారావు ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే పోయిన సంవత్సరం అది. మదనపల్లె దగ్గర రిషివాలీ బడి, ఆ పైన 1940ల్లో శాంతినికేతన్ కళాభవన్, నందలాల్ బోస్ శిష్యరికం. ఆయన అక్కడ వున్న రోజుల్లోనే 1943 బెంగాల్ కరువు వచ్చింది. చిత్తప్రసాద్ మేదినీపూర్ పల్లెలు తిరిగి కంకాళాల్లాంటి మనుషుల్ని సిరాతో గీసి ‘హంగ్రీ బెంగాల్’ వేస్తే తెల్లదొరలు దాని ప్రతుల్ని తగలబెట్టారు. జైనుల్ ఆబెదీన్ కలకత్తా వీధుల్లో చచ్చిపడినవాళ్ళని బొమ్మకట్టాడు. మన ప్రగతిశీల చిత్రకళ కళ్ళు తెరిచింది ఆ ఏళ్ళలోనే. కృష్ణారెడ్డి దారి మరో వైపుకి పోయింది. కొంతకాలం మద్రాసు కళాక్షేత్రలో చిత్రకళ నేర్పారు. లండన్ స్లేడ్ స్కూల్లో హెన్రీ మూర్ దగ్గర, పారిస్‌లో జాడ్కిన్ దగ్గర, మిలాన్‌లో మారినో మారినీ దగ్గర శిల్పం నేర్చుకున్నారు. పారిస్‌లో స్టాన్లీ విలియం హేటర్ నడిపే అచ్చుచిత్రాల కార్ఖానా ‘అతెలియే 17’లో చేరి, 1960ల్లో దానికి సహ నిర్వాహకులయ్యారు. 1972లో పద్మశ్రీ. 1970ల్లో న్యూయార్క్‌కు మారి అక్కడి విశ్వవిద్యాలయంలో అచ్చుచిత్రకళ నేర్పారు. 2018 ఆగస్టులో అక్కడే కన్నుమూశారు. ఆయన పోయినప్పుడు మన తెలుగు సాహిత్య పత్రికల్లో నాలుగు వాక్యాలైనా రాసినవాళ్ళు తక్కువ. నేనూ రాయలేదు.

ఇక అసలు తగాదాకి వస్తాను. ప్రకృతి దృశ్యం అంటాం. ఆ ‘దృశ్యం’ అనే మాటలోనే చూసేవాడొకడు నిలబడి వున్నాడు. చేసేవాడు లేడు. మా కుందూ ఒడ్డు రైతు నోట ‘ప్రకృతి దృశ్యం’ అనే మాట వినగలమా? అతనికి చేను వుంది, గట్టు వుంది, వంక వుంది, బీడు వుంది. వాన పడ్డాక నల్లరేగడిలో విత్తనానికి పదును వుందా లేదా అనేది వుంది. దృశ్యం కావాలంటే చేలోంచి బయటికొచ్చి, ఎత్తైన చోట నిలబడి, చేతులు కట్టుకుని చూడాలి. అంత తీరిక ఎవరికుంది? ఆ ఎత్తు ఎవరిది?

ఇది కేవలం మాటల గారడీ కాదు, చరిత్రలో జరిగింది. థామస్ డేనియల్, అతని అన్న కొడుకు విలియం 1786 నుంచి 1793 దాకా ఈ దేశం తిరిగి, ఇంగ్లండు వెళ్ళి, ‘ఓరియంటల్ సీనరీ’ అనే పేరుతో 144 అచ్చుచిత్రాలు వెలువరించారు. గుళ్ళు, కోటలు, కొండలు, జలపాతాలు. చాలా అందమైనవి, కాదనను. వాటిలో మనుషులు లేకపోలేదు. గోపురం ఎంత ఎత్తో తెలియడానికి దాని కింద చిటికెనవేలంత మనిషిని నిలబెట్టారు. కొలబద్ద పని చేయించుకున్నారు అతని చేత. దత్తమండలాలు 1800లో కుంపిణీ పరమైనాక కాలిన్ మెకంజీ మనుషులు మా సీమంతా గొలుసులతో కొలిచారు, కైఫీయతులు రాయించుకున్నారు, బొమ్మలూ గీశారు. కొలతా బొమ్మా ఒకే మూటలో పోయాయి. ఏ నేల ఎంత పన్ను ఇస్తుందో తెలుసుకోవాలనుకున్న ప్రభుత్వానికి ఆ నేల ఎలా కనిపిస్తుందో కూడా కావాలి.

ఆ చూపు తెల్లవాడితో పోలేదు. మన కాలెండర్లలో, మన కథల మొదటి పేరాల్లో అది ఇంకా బతికే వుంది. పచ్చని పొలాలు, దూరంగా కొండలు, తలమీద గంపతో ఒక పడుచు. కథకుడు ఆ పేరా అయిపోయాక దోపిడీ గురించి రాస్తాడు. కాని ఆ మొదటి పేరాలో అతను ఎక్కడ నిలబడ్డాడో మనం అడగం. వస్తువు ప్రగతిశీలమైతే చాలనుకుని చూపును పరీక్షించడం మానేశాం. నేనూ మానేశాను. ఒకడు నీళ్ళు చెక్కాడనగానే ‘ప్రకృతి ఆరాధకుడు’ అని ముద్ర కొట్టేశానే గాని, ఆ నీళ్ళను ఎక్కడినుంచి చూశాడని అడగలేదు.

ఆయన బొమ్మను కాగితం మీద మొదటిసారి చూసింది ఆ తర్వాత చాలా ఏళ్ళకి, హైదరాబాదులో ఒక ప్రదర్శనలో. ‘సుడిగుండం’, 1963 నాటిది. నేను చూసిన ప్రతి నీలాల్లో వుంది. ఎదురుగా నిలబడి మొదట చేసిన పని ఏమిటంటే, నిలబడటానికి చోటు వెతుక్కోవడం. దొరకలేదు. ఆ బొమ్మలో దిగంతరేఖ లేదు. ఒడ్డు లేదు. దగ్గరది పెద్దగా, దూరానిది చిన్నగా వుండే ఏర్పాటు లేదు. చూసేవాడికి ఎత్తుపీట వెయ్యలేదు ఆయన. నీళ్ళ బయట నిలబడే వీలు తీసేశాడు. గీతలు మధ్యలోకి లాగుతున్నాయి, అదే ఊపున బయటికి విసురుతున్నాయి. పక్కకు జరిగి దీపం వెలుతురు ఏటవాలుగా పడేచోట నుంచి చూస్తే ఇంకో సంగతి తెలిసింది: కాగితం చదునుగా లేదు. గీత వున్నచోటల్లా కాగితం ఉబ్బివుంది. రేకులోని గుంతల్లోకి కాగితం దిగి పైకి లేచిన గుర్తు అది. పత్రికలో చూసిన అరపేజీ నకలులో ఇది లేదు. ఆ కుర్రాడి ఫోన్‌లోనూ లేదు. చదునైన నకలు చూసి చదునైన తీర్పు ఇచ్చాను నేను.

ఇక్కడ పని ఎలా జరుగుతుందో కొంచెం వివరంగా చెప్పాలి. సాహిత్య విద్యార్థులు ఓపిక పట్టాలి. ఆ పని తెలియకుండా ఈ బొమ్మల మీద విమర్శ రాయడం, ఛందస్సు తెలియకుండా పద్యాన్ని విమర్శించడం లాంటిది. నేను చేసింది అదే.

మామూలుగా రంగుల అచ్చుచిత్రం చేయాలంటే రంగుకొక రేకు కావాలి. ఎరుపుకొకటి, నీలానికొకటి, పసుపుకొకటి. ఒకదాని తర్వాత ఒకటి, అదే కాగితం మీద, వెంట్రుకవాసి తేడా లేకుండా ఒత్తాలి. హేటర్ కార్ఖానాలో 1950ల్లో కృష్ణారెడ్డీ, బొంబాయి నుంచి వచ్చిన కైకో మోతీ కలిసి ఒక్క రేకు మీద అన్ని రంగులూ ఒకేసారి ఒత్తే పద్ధతిని తీర్చిదిద్దారు. సూత్రం చెప్పుకుంటే చిన్నది. సిరాలో నూనె పాళ్ళు మారిస్తే దాని జిగట మారుతుంది. నూనె బాగా కలిపిన పల్చటి సిరా ముందు రాసి, ఆ పైన జిగట ఎక్కువున్న మడ్డి సిరా పూసిన రోలరు దొర్లిస్తే, మడ్డి సిరా ఆ నూనె సిరా వున్నచోట అంటుకోదు. పక్కన ఖాళీగా వున్నచోటే అంటుకుంటుంది. అంటే రెండు రంగులు పక్కపక్కనే వుంటూ కలిసిపోవు.

సూత్రం చిన్నదే గాని పని చిన్నది కాదు. దానికి రేకును ముందు పలు మట్టాలుగా చెక్కాలి, మెట్ల చేను మాదిరి. అట్టడుగు గాట్లలోకి ఒక సిరా కూరి, పైపైన గుడ్డతో తుడవాలి. గట్టి రోలరుతో నూనె సిరా దొర్లిస్తే అది పై మెట్టుకే తగులుతుంది. మెత్తటి రోలరుతో మడ్డి సిరా దొర్లిస్తే అది లోపలి మెట్లలోకి దిగుతుంది. అప్పుడు తడి కాగితం పరిచి ప్రెస్సులో ఒక్కసారి నొక్కాలి. జింకు రేకును కొంత యాసిడ్ తింటుంది. కాని కృష్ణారెడ్డి యాసిడ్‌కి మొత్తం వదిలిపెట్టలేదు. ఉలులతో, గీకుడు పనిముట్లతో, విద్యుత్తుతో తిరిగే చిన్న యంత్రాలతో చేత్తో చెక్కేవారు. రేకు ఆయన దృష్టిలో పల్చటి శిల్పం. 1988లో ఈ పద్ధతి మీద ఒక పూర్తి పుస్తకం రాసి, దాచుకోకుండా అందరి ముందూ పెట్టారు.

(ఇక్కడ ‘వైరుధ్యాల ఐక్యత’ అని ఒక మాట వెయ్యాలని చెయ్యి ఊరుతుంది. కలవని రంగులు ఒకే రేకు మీద! నలభై ఏళ్ళ కిందటైతే వేసేవాణ్ణే. గతితర్కం అవిసె నూనెలో తేలుతుందని ఇప్పుడు నేననను.)

ఆ కుర్రాడు వచ్చి వెళ్ళాక నాకొక ఆలోచన వచ్చింది. నంద్యాలకు దక్షిణాన నలభై కిలోమీటర్లలో ఆళ్ళగడ్డ వుంది. అక్కడి శిల్పుల వీధి తెలియనివాళ్ళు సీమలో లేరు. గుళ్ళకు విగ్రహాలు, కూడళ్ళకు నాయకుల విగ్రహాలు అక్కడే పుడతాయి. కృష్ణారెడ్డి చెక్కిన ఒక రేకు ఫోటోను పెద్ద కాగితం మీద తీయించి, బస్సెక్కి వెళ్ళాను. పేరు చెప్పలేదు, పారిస్ అనలేదు. ఒక రేకుల షెడ్డు కింద నందికి మూపురం తీరుస్తున్న పెద్దాయన చేతిలో పెట్టాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని చాలాసేపు చూశాడు. కాగితాన్ని వెలుతురుకు ఏటవాలుగా తిప్పాడు. ఫోటోలో నీడలు తిరగవు కదా, అయినా చెయ్యి అలవాటు.

“ఇది గీసింది గాదు సార్, తీసింది” అన్నాడు.

అర్థం కాలేదన్నాను.

“గీసేటోడు పెట్టుకుంటా పోతాడు. గీత పెడతాడు, రంగు పెడతాడు. మేం తీసుకుంటా పోతాం. ఈన తీసినాడు. చూడండి, ఈడ ఉలి ఆగింది. ఈడ జారింది. జారినా వదల్లేదు, దాన్నే నీళ్ళు చేసుకున్యాడు.”

ఇన్నేళ్ళలో కృష్ణారెడ్డి మీద నేను చదివిన ఏ వ్యాసంలోనూ ఈ ‘పెట్టడం, తీయడం’ తేడా ఇంత తేలిగ్గా చెప్పగా వినలేదు. ప్రకృతిని గీసేవాడు బయటినుంచి చూసి ఖాళీ కాగితం మీద పెడతాడు. చెక్కేవాడికి ఎదురుగా ఖాళీ లేదు. అడ్డం తిరిగే పదార్థం వుంది. దాంతో పెనుగులాడి, ఎక్కడ లొంగుతుందో ఎక్కడ లొంగదో తెలుసుకుని, తీయగలిగినంత తీస్తాడు. రైతు నేలతో వుండే తీరు కూడా అదే. పదును అనే మాట ఉలికీ, తడి నేలకూ ఒకటే కావడం ఊరికే కాదేమో. కృష్ణారెడ్డి ‘నది’లో, ‘అల’లో, ‘మొలక’లో నాకు దృశ్యం కనపడకపోవడానికి కారణం ఇదే. అవి చూసి వేసినవి కావు. నీటి ఊపును లోహంలో తిరిగి చేసి చూసినవి. ఆయన రాయి చెక్కినవాడు కూడాను. 1964లో కెనడాలో, మాంట్రియల్ కొండమీద జరిగిన అంతర్జాతీయ శిల్పుల శిబిరంలో ఆయన చెక్కిన రాయి వుంది. ఆళ్ళగడ్డ పెద్దాయనకి ఆ సంగతి అప్పుడు చెప్పాను. “మరి అదీ!” అన్నాడు, తనే రుజువు చేసినట్టు.

ఆ షెడ్డు గురించి ఒక్కమాట చెప్పకుండా ముందుకు పోలేను. ఇప్పుడు అక్కడ సుత్తిచప్పుడు కన్నా కోతయంత్రాల రొద ఎక్కువ. రాతిపొడి పొగమంచులా లేస్తుంది. కుర్రవాళ్ళు ముక్కుకు తువ్వాలు కట్టుకుని పనిచేస్తున్నారు. ఆ తువ్వాలు రాతిపొడిని ఆపదని వైద్యం తెలిసినవాళ్ళెవరైనా చెబుతారు. జింకు రేకుల కార్ఖానాలో నైట్రిక్ యాసిడ్ పొగా అంతే. కళను శ్రమ అని మనం వ్యాసాల్లో సులువుగా రాస్తాం. శ్రమ అంటే ఊపిరితిత్తులు కూడా.

ఇక, వదులుకోనన్న సగం గురించి.

1968 మే నెలలో పారిస్‌లో విద్యార్థులు తిరగబడ్డారు, కార్మికులు సమ్మె కట్టారు. కృష్ణారెడ్డి ఆ నగరంలోనే వున్నారు. ఆ ఏడాదే ‘ప్రదర్శకులు’ చెక్కారు. మన మిత్రుల్లో ఆయన్ను వెనకేసుకొచ్చేవాళ్ళు మొదట చూపించే బొమ్మ అది. చూశారా, ప్రజలు వున్నారు అంటారు. వున్నారు. వాళ్ళు ముఖకవళికలు లేని మనుషులు, చెక్కిన గీతల్లోంచి పుట్టుకొచ్చిన గుంపు. నీటి బొమ్మల్లో ఊపు ఎలా పుట్టిందో ఇక్కడా అలాగే పుట్టింది. ఒక్కొక్కడు విడిగా లేడు, గుంపు కదలికలోనే ఒక్కొక్కడికి ఆకారం వచ్చింది. మంచి బొమ్మ. నాకు ఇష్టం కూడా. కాని అదే నెలలో అదే నగరంలో ఇంకొక అచ్చు పని జరిగింది. లలితకళల కళాశాలను విద్యార్థులు ఆక్రమించి, దానికి ‘ప్రజా కార్ఖానా’ అని పేరు పెట్టి, పట్టుగుడ్డ జల్లెడలతో రాత్రింబవళ్ళు గోడపత్రాలు ఒత్తారు. ఏ పత్రం మీదా చిత్రకారుడి పేరు లేదు. ఏ బొమ్మ వెయ్యాలో సభలో చర్చించి తేల్చుకునేవాళ్ళు. తెల్లారేసరికి అవి గోడలమీద వుండేవి. ఇవి అలంకరణకు కావు, అమ్మకానికి కావు అని వాళ్ళే ప్రకటించారు.

ఒకే తిరుగుబాటుకి రెండు అచ్చులు. ఒకటి ఒక్క రంగులో ఆ పూట పనికి ఒత్తింది. రెండోది ఎన్నో రంగుల్లో, ఎన్నో రోజులు చెక్కి, మంచి కాగితం మీద ఒత్తి, కింద పెన్సిలుతో సంతకం పెట్టి, పక్కన ఒక భిన్నం రాసింది. మొత్తం ఎన్ని ప్రతులు, అందులో ఇది ఎన్నోది అని చెప్పే అంకె అది. గోడపత్రంలో వున్నది రంగుల అచ్చులో లేదని తిట్టడం నా పాత పద్ధతి. ఆ పద్ధతి చెల్లదు. పాటను నవల కాలేదని తిట్టలేం. గోడపత్రం చెప్పే సంగతి ఒక్క చూపులో అందాలి, పోలీసు చింపేలోగా అందాలి. గుంపులో ఒకడిగా వుండటం ఎలా వుంటుందో చెప్పే పని ‘ప్రదర్శకులు’ చేసింది. అది నిదానంగా చూడవలసిన సంగతి.

నా తగాదా బొమ్మతో కాదు, ఆ భిన్నంతో. అచ్చుచిత్రం పుట్టిందే ఒకటి పదిమందికి చేరడానికి. లూసున్ 1931లో షాంఘైలో కుర్రవాళ్ళకి చెక్కబొమ్మల శిక్షణ పెట్టింది అందుకే. కేథే కోల్విట్జ్ నేతగాళ్ళ తిరుగుబాటు మీద అచ్చుచిత్రాలు చేస్తే అవి చైనా దాకా నడిచాయి. ఆ తర్వాత పేరు కూడా లేకుండా మన కరపత్రాల మీదికీ, పుస్తకాల అట్టల మీదికీ వచ్చాయి. హేటర్ కార్ఖానా చరిత్రలోనూ ఇది వుంది. స్పెయిన్ అంతర్యుద్ధ కాలంలో, 1938, 1939ల్లో, అక్కడి కళాకారులు రిపబ్లికన్ల పక్షాన నిధులకోసం అచ్చుచిత్రాల సంపుటాలు వేశారు. పికాసో, మీరో అందులో వున్నారు. అవీ కొద్ది ప్రతులే, కాని వచ్చిన డబ్బుకి ఒక దిక్కు వుంది. తర్వాత్తర్వాత అచ్చుచిత్రాల బజారు ప్రతుల్ని లెక్కపెట్టి, తక్కువని చూపి, ధర పెంచింది. రేకు ఇంకా ఒత్తగలదు. ఒత్తకూడదని బజారు శాసించింది. కృష్ణారెడ్డి ఆ శాసనాన్ని పెట్టలేదు, కాని దాటనూ లేదు. పద్ధతిని దాచుకోకుండా దేశదేశాల వాళ్ళకి నేర్పిన మనిషి, బొమ్మను మాత్రం లెక్కపెట్టి ఇచ్చాడు. 2016లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో హేటర్, కృష్ణారెడ్డి, జరీనా హష్మీ ముగ్గురి బొమ్మలూ కలిపి ప్రదర్శన పెట్టారు. గౌరవమే. నంద్యాలలో ఒక్క కాగితం మనం చూడలేదు. ఆళ్ళగడ్డలో చెక్కిన నంది మీద సంతకం లేదు, అంకె లేదు, రోజుకు వందమంది చేతులు తగులుతాయి. పేరు లేకపోవడం కూడా ఒక దోపిడీయే కదా అని ఎవరన్నా అడిగితే, అవును, నా దగ్గర దానికి సిద్ధంగా జవాబు లేదు.

రెండో అభ్యంతరం నీళ్ళది. మహానంది కోనేరులో నీళ్ళు ఎంత తేటగా వుంటాయంటే అడుగున పడ్డ నాణెం బొమ్మో బొరుసో పైనుంచి చెప్పొచ్చు. చెయ్యి ముంచి కదిలిస్తే అడుగున వెలుగు వలలాగా అల్లుకుంటుంది. కృష్ణారెడ్డి ‘అల’ గుర్తొచ్చింది నాకు అక్కడ. కాని ఆ నీళ్ళు కోనేరు దాటి బయటికి రాగానే అరటితోటలకు పోతాయి. బయటికొచ్చిన నీటికి వంతులుంటాయి, తగాదాలుంటాయి. నంద్యాల చుట్టూ పచ్చదనమంతా కె.సి. కాలవది. 1860ల్లో లాభంకోసం ఒక తెల్ల కంపెనీ తవ్వించిన కాలవ అది. నష్టం వచ్చాక 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. ఆ కాలవ గట్టుమీద నిలబడితే బొమ్మలాగే వుంటుంది. కాలవ కిందివాడికీ మెట్టచేనివాడికీ మధ్య వున్న తేడా ఆ బొమ్మలో కనపడదు. 1937 శ్రీబాగ్ ఒడంబడికలో సీమకు నీళ్ళలో ముందుచూపు వుంటుందని రాసుకున్నారు. ఆ రాత ఏమైందో మీకు తెలుసు. సీమలో నీళ్ళు ప్రకృతి కావు, నీళ్ళంటే తూము, లస్కరు, కోర్టు కాగితం.

కృష్ణారెడ్డి నీళ్ళలో తూము లేదు. చూసేవాడి ఎత్తుపీట తీసేసినవాడు, నీటి చుట్టూ వున్న మనుషుల్నీ తీసేశాడు. డేనియల్ బొమ్మల్లో మనిషి కొలబద్దగా వున్నాడు, ఇక్కడ అసలే లేడు. ఏది నయం? పీట మీదినుంచి దిగడం పెద్ద అడుగు అని ఒప్పుకుంటాను. నీళ్ళలోకి దిగాక పక్కన ఇంకెవరెవరు వున్నారో చూడకపోవడం ఆ అడుగుతోనే వచ్చిన చిక్కు. చిత్తూరు జిల్లాలో చెరువుకింద సేద్యం మధ్య పుట్టినవాడికి నీటి వంతు తెలియదని నేననుకోను. తెలిసీ వదిలేశాడు. ఆ వదిలెయ్యడం వల్లనే ఆ బొమ్మ పారిస్‌లోనూ న్యూయార్క్‌లోనూ తర్జుమా లేకుండా చెల్లిందేమో. ఈ మాట కొంచెం కటువుగా వుందని తెలుసు. వుండనిస్తాను.

అయితే మన యువ చిత్రకారులు ఆయన దగ్గర నేర్చుకోవలసింది ఆయన నీళ్ళు కావు, ఆయన తీయడం. ఆ పద్ధతికి ప్యారిస్ అక్కర్లేదు. ఆ డిగ్రీ కుర్రాడూ అతని స్నేహితులు ముగ్గురూ నా మాట నమ్మి పనిలోకి దిగారు. నంద్యాలలో మూతపడ్డ ఒక ట్రెడిల్ ప్రెస్సువాళ్ళ అటకమీద పాత జింకు బ్లాకులు దొరికాయి. ఎప్పటి పెళ్ళిపత్రికలవో, వినాయకుడి బొమ్మలు. వాటి వెనకవైపు కె.సి. కాలవ తూమును చెక్కారు, తలుపు దగ్గర లస్కరుతో సహా. మెత్తటి రోలరు ట్రెడిల్‌దే. గట్టి రోలరుకి ప్లాస్టిక్ పైపు ముక్క. సిరా ప్రెస్సులో మిగిలిన డబ్బాలది, అవిసె నూనె రంగుల అంగట్లోది. ఒత్తడానికి యంత్రం లేక కాగితం మీద గరిటె వీపుతో రుద్దారు.

మొదటి కాగితం అంతా బురదరంగు. రెండోది అంతే. మూడోదాంట్లో, తూము కింద రూపాయి బిళ్ళంత మేర, ఎరుపు ఎరుపుగా, నీలం నీలంగా, ఒకదాన్నొకటి ముట్టుకోకుండా నిలబడ్డాయి. ఆ తర్వాత తీసిన ఐదింటిలో మళ్ళీ బురదే. నూనె ఎక్కువైందని ఒకడంటాడు, కాదు, మడ్డి సిరాలోనే జిగట చాల్లేదని ఇంకొకడు. వచ్చే ఆదివారం రెండు రకాలుగానూ కలిపి చూస్తామన్నారు. ఆళ్ళగడ్డ పెద్దాయన్ని కూడా రమ్మని చెప్పి పంపాం.